రోసిటా కంచె దాటింది

సెప్టెంబరు 9. బీపీ 170/100.

ఈ నోటుపుస్తకం డాక్టరమ్మ ఇచ్చింది. రోజూ పొద్దున్నే మిషను పట్టీ చేతికి చుట్టుకుని, వచ్చిన అంకె ఇందులో రాయాలట. "కంగారు పెట్టే విషయం ఏదైనా జరిగితే అది కూడా పక్కన రాయండి, ఎల్బియో గారూ" అంది. నన్ను కంగారు పెట్టేవి ఏవీ లేవు. ఇరవై హెక్టార్ల నేల, ఆరు పాడి ఆవులు, ఒక భార్య. అంతే.

ఉప్పు మానేయాలట. చీజ్ చేసి బతికేవాడికి చెప్పే మాటేనా ఇది? డాక్టరమ్మ నోట్లో మాట పూర్తవకముందే జుల్మా తల ఊపేసింది.

సెప్టెంబరు 10. 165/100.

కంగారు: ఉప్పులేని బంగాళదుంపలు.

సెప్టెంబరు 13. 160/95.

పశువుల డాక్టరు రకెల్ ట్రక్కు వేసుకొచ్చింది. వెనకాల మూడు గోనెసంచులు. ఒక్కో సంచిలోంచి ఒక్కో తల బయటికి, ప్రతి తలకీ ఒక పాత మేజోడు తొడిగి ఉంది. ముక్కు ఒక్కటే కనిపిస్తోంది.

"నెమళ్లు" అంది రకెల్. "సముద్రం ఒడ్డు హోటలు మూసేసి వీటిని రోడ్డు మీద వదిలేశారు. రెండు కార్ల కింద పడ్డాయి. మిగిలినవి ఇవే. వారం రోజులు ఉంచుకో ఎల్బియో, చోటు చూస్తాను."

"వారమే కదా" అన్నాను.

"ఆయన వారం అంటే క్రిస్మస్ దాకా అని రాసుకో" అంది జుల్మా రకెల్‌తో.

ఒక మగది, రెండు ఆడవి. ఒక పెట్టకి కుడికాలి వేళ్లు రెండు లేవు, కుంటుతుంది. దూడల పాకలో పెట్టాం. మేజోళ్లు లాగేయగానే మగది ఒళ్లు దులుపుకుని, పాకంతా ఒకసారి తిరిగి, ఏదీ నచ్చనట్టు నా వంక చూసింది. పింఛం ఇంత పొడుగు. జుల్మా దానికి 'మేయరు' అని పేరు పెట్టింది. పని చేయడు, వేషం మాత్రం ఉంది అని. కుంటిదానికి రోసిటా. ఇంకోదానికి ఇంకా పేరు లేదు.

రకెల్ వెళ్తూ వెళ్తూ చెప్పింది: ఆరు వారాల దాకా పాక తలుపు తీయకూడదు. ఈ చోటు తమ ఇల్లని వాటికి పట్టుబడాలి. ముందే వదిలితే ఎటో పోతాయి.

సెప్టెంబరు 14. 160/100.

సంచిలో విరిగిన నెమలీక ఒకటి ఇంట్లోకి తెచ్చాను. జుల్మా అట్లకాడ పట్టుకుని వెంటపడింది. నెమలీక ఇంట్లో ఉంటే అరిష్టమట. బయట పారేశానని చెప్పాను. ఈ పేజీలో దాచాను. గుర్తుగా పనికొస్తుంది.

సెప్టెంబరు 17. 155/95.

మేయరు తెల్లవారుజామున అరిచాడు. ఆకాశం పగిలిందేమో అనుకున్నాను. నెమలి అరిస్తే వాన అని జుల్మా మంచం దిగి పిండి కలిపేసింది. వానకి తోర్తలు, అవే గోధుమపిండి రొట్టెలు, నూనెలో వేయించుకోని ఇల్లు మా జిల్లాలో లేదు. మా అమ్మ పద్ధతైతే మరీను. మొదటి చినుకు పడకముందే నూనె కాగాలి, లేకపోతే వాన చిన్నబుచ్చుకుని పోతుంది అనేది. పెళ్లయిన కొత్తలోనే జుల్మాకి అది అంటించింది.

ఇరవై తోర్తలు తిన్నాం. ఉప్పు లేదు. ఒక్క చినుకూ పడలేదు.

సెప్టెంబరు 18. 155/95.

మేయరు మళ్లీ అరిచాడు. జుల్మా మళ్లీ వేయించింది. వాన లేదు. అయితే పెరట్లో నిలబడితే ఇంకో వైపు నుంచి కూడా నూనె వాసన. కంచె అవతల ఇంటి పొగగొట్టంలోంచి పొగ. అవతలి ఆవిడ కూడా మోసపోయిందన్నమాట! చాలాసేపు నవ్వుకున్నాను.

సెప్టెంబరు 19. 165/100.

"అవతలి ఆవిడ, అవతలి ఆవిడ అంటావేంటి ముసలోడా? ఆవిడకి పేరు లేదా? మీ అక్క కాదా?" అని జుల్మా.

అక్కే. మిర్తా. ఒకే తల్లి పిల్లలం. అమ్మ పోయాక నేల సగం సగం పంచుకుని మధ్యలో కంచె వేసుకున్నాం. నేను మాట్లాడటం మానలేదు, ఆవిడే మానింది. తొమ్మిదేళ్లయింది. అమ్మ పోయిన నెలకి ఇదే వంటింట్లో, ఈ కుర్చీలోనే కూర్చుంది. సొరబుర్రలో మొదటి మాతే, మా చేదు ఆకు తేనీరు, పోసి చేతికిచ్చాను. తాగింది. బుర్ర నా చేతికిచ్చి "థాంక్స్" అంది. మొదటి దానికే! మాతే తాగి థాంక్స్ అంటే ఇక చాలు, నాకు పోయొద్దు అని. పదో మాతేకి అనాల్సిన మాట అది. మొదటి దానికే అంటే మొహం మీద తలుపేసినట్టు. అనేసి లేచి వెళ్లిపోయింది.

ఏదో ముసలి గుర్రాన్ని అమ్మేశానని. అంతే కారణం. నాకేం బాధ లేదు. మిషను సరిగ్గా పనిచేయడం లేదు.

సెప్టెంబరు 25. 150/95.

ఇవాళ గాలికి పాక తలుపు తెరుచుకుంది. నెమళ్లు మూడూ బయటికొచ్చాయి. పన్నెండు రోజులకే. గాలి బాగా వేసింది.

సెప్టెంబరు 26.

గుర్తుగా పెట్టిన ఈక పేజీల్లో లేదు. జుల్మా ఈ నోటుపుస్తకం చదువుతోంది.

సెప్టెంబరు 27. 155/95.

జుల్మా, చదువుతున్నావా? నిన్న సూపులో ఉప్పు లేదు.

*లేదు. ఉండదు. నిన్న గాలీ లేదు, మొన్న గాలీ లేదు. తలుపు నువ్వే తీశావు.*

సెప్టెంబరు 28. 150/90.

సరే, తీశాను. పాకలో రోసిటా తలుపు సందులోంచి ఆకాశం చూస్తూ కూర్చునేది. ఎవరి మనసైనా ఎంతకని ఆగుతుంది? పైగా మేత వేళకి వస్తాయిలే అనుకున్నాను. వస్తున్నాయి కూడా. తినేసి నేరుగా కంచె దాటి అవతలికి పోతున్నాయి.

అక్టోబరు 6. 140/90.

దుర్భిణి బయటికి తీశాను. పక్షుల మీద ఒక కన్నేసి ఉంచడం నా బాధ్యత కదా.

అవతలి ఆవిడ తెల్ల ట్రక్కు తలుపులో మేయరుకి తన నీడ కనబడింది. ఇంకో మగది వచ్చిందనుకున్నాడు. కాళ్లతో తన్నాడు, ముక్కుతో పొడిచాడు, వెనక్కి వెళ్లి పింఛం విప్పి బెదిరించాడు, మళ్లీ తన్నాడు. అవతలి ఆవిడ చీపురు పట్టుకుని బయటికొచ్చింది. ట్రక్కు చుట్టూ ఆవిడ ముందు, వాడు వెనక. కాసేపటికి వాడు ముందు, ఆవిడ వెనక. నాకు నవ్వుతో కళ్లలో నీళ్లొచ్చాయి.

చివరికి ఆవిడ లోపలికెళ్లి దుప్పటి తెచ్చి ట్రక్కు మీద కప్పింది. చారల దుప్పటి. అమ్మది. ఇంకా ఉందన్నమాట.

కొట్టలేదు వాడిని. చీపురుతో చాలా దగ్గరికొచ్చింది కానీ కొట్టలేదు.

అక్టోబరు 7.

దుర్భిణిలో చూడలేదు.

అక్టోబరు 15. 145/90.

రకెల్ ఫోను చేసింది. చోటు దొరికిందట, తీసుకెళ్తానంది. ఇప్పుడు వద్దు, గుడ్ల కాలం, కదపకూడదు అని చెప్పాను. "గుడ్లు పెట్టాయా?" అంది. ఇంకా లేదన్నాను. ఫోనులో చాలాసేపు నవ్వు వినబడింది. వంటింట్లోంచి కూడా.

నవంబరు 3. 140/90.

రోసిటా నిన్నటి నుంచి కనబడటం లేదు. నక్కేమో అని భయం. పొదలన్నీ వెతికాను.

సాయంత్రం అయిదింటికి కంచె కింద నుంచి దూరి పరిగెత్తుకొచ్చింది, కుంటుకుంటూనే. గబగబా మొక్కజొన్నలు తిని, నీళ్లు తాగి, వచ్చిన దారినే పోయింది. దుర్భిణిలో చూశాను. అవతలి ఆవిడ లూసర్న్ మేత చేలో, సరిగ్గా నడిమధ్యన, గడ్డిలోకి దిగి మాయమైంది.

గుడ్ల మీద కూర్చుంది!

నవంబరు 4. 140/85.

ఇరవై ఎనిమిది రోజులు కూర్చోవాలి. అంటే ఈ నెల ముప్పైకి పిల్లలు. జుల్మా గోడ మీది కేలెండర్‌లో ముప్పై చుట్టూ సున్నా చుట్టింది. లూసర్న్ మోకాలి ఎత్తుంది, ఎవరికీ కనబడదు. మంచి చోటే చూసుకుంది, తెలివైనది.

నవంబరు 20. 160/100.

రొట్టెల బండి వాల్టర్ మాటల్లో అన్నాడు, గురువారం అవతల లూసర్న్ కోతకి ట్రాక్టరొస్తోందట. ఈ గురువారం, ఇరవై నాలుగు.

గూడు మీద కూర్చున్న పెట్ట కదలదు. ట్రాక్టరు మీదికొచ్చినా కదలదు. కోత బ్లేడు నేలకి నాలుగు వేళ్ల ఎత్తులో తిరుగుతుంది.

నవంబరు 21. 165/100.

"వెళ్లి చెప్పు" అంది జుల్మా.

"నువ్వు చెప్పొచ్చుగా. నీతో మాట్లాడుతుంది కదా."

"నాతో మాట్లాడుతుంది. ప్రతి ఆదివారం మాట్లాడుతుంది, నీకు తెలుసు. కానీ పక్షులు నీవి, అక్క నీది, కాళ్లూ నీవే."

"కాళ్లు నొప్పులు."

"దుర్భిణి పట్టుకుని గంటసేపు నిలబడేటప్పుడు రాని నొప్పి ఇప్పుడొచ్చిందా? పైగా ఉరుములున్నాయంటున్నారు రేడియోలో. మీ అమ్మ ఉంటే ఈపాటికి ఇనప ముక్క పట్టుకుని పరిగెత్తేది."

నిజమే. ఉరిమితే గుడ్డులో పిల్ల చచ్చిపోతుందని అమ్మ ప్రతి గూటి పక్కనా ఇనుము పెట్టేది. మేకో, బోల్టో, తాళంచెవో. చిన్నప్పుడు నాకూ మిర్తాకీ మబ్బు పట్టగానే అదే పని, కోళ్ల గూళ్లకి మేకులు పంచడం.

నవంబరు 22. 170/100.

వాల్టర్‌ని పిలిచాను. రొట్టె ఇచ్చేటప్పుడు అవతల ఒక్క మాట చెప్పు, చేను మధ్యలో గూడుంది అని. వాల్టర్ టోపీ సర్దుకున్నాడు. "ఎల్బియో అన్నా, నా బండిలో రొట్టెలు, బిస్కట్లు మాత్రమే ఎక్కుతాయి. తొమ్మిదేళ్ల మీ గొడవకి ఇందులో చోటు లేదు" అన్నాడు.

చీటీ రాశాను. చింపేశాను. 'మిర్తా' అని మొదలుపెట్టాలా, 'అక్కా' అనా, తెలియలేదు. రెండో మాట ఏం రాయాలో అసలే తెలియలేదు.

నవంబరు 23. 175/105.

మిషను సరిగ్గానే పనిచేస్తోంది.

ఎందుకు వెళ్లలేకపోతున్నానో రాస్తాను. జుల్మా, చదువుతావని తెలిసే రాస్తున్నాను. నోటితో చెప్పలేను.

ఆ ముసలి గుర్రం, పలోమా, అమ్మదే కానీ దాన్ని పెంచింది మిర్తా. మిర్తా పంతులమ్మగా చేసినన్నాళ్లూ బడికి దాని మీదే వెళ్లింది. దాని ముందరి ఎడమకాలు కాస్త పొట్టి, అందుకని ఆ కాలికి ఒకవైపు మందంగా ఉండే నాడా చేయించేది. అమ్మ పోయిన మూడో వారం మిర్తా పట్నం వెళ్లిన రోజు చూసి అమ్మేశాను. ముసలిది, మేత దండగ, ఒక పెద్దమనిషి పిల్లలు సవారీ చేయడానికి తీసుకెళ్లాడు అని ఆవిడకి చెప్పాను. నీకూ అదే చెప్పాను.

పిల్లలూ లేరు, సవారీ లేదు. అది కబేళా లారీ. వాడు ఎక్కడికని చెప్పలేదు, నేను అడగలేదు. అడగలేదు కాబట్టి నాకు తెలియదని తొమ్మిదేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. లారీ పక్కన రాసి ఉంది. నాకు చదవడం వచ్చు.

పలోమా లారీ తలుపు చెక్క ఎక్కనని మొరాయించింది. నేను పిలిస్తే ఎక్కింది.

నవంబరు 24.

పొద్దున నోటుపుస్తకం తెరిస్తే నిన్నటి పేజీ కింద జుల్మా రాత, ఒక్కటే మాట.

*వెళ్లు.*

అప్పుడే ట్రాక్టరు చప్పుడు. కాదు, చప్పుడు ఆగిపోవడం. తెల్లవారకముందే మొదలుపెట్టి అప్పటికే కోసేశారు. నైరుతి మూల ఆకాశం నల్లగా ఉంది. ఆవుల దొడ్డి గడియ ఊడదీసి జేబులో వేసుకున్నాను. ఎందుకో తెలియదు, ఇనుము కదా. కంచె రెండు తీగల మధ్య నుంచి దూరాను. చొక్కా చిరిగింది. బీపీ చూసుకోలేదు, ఎంతున్నా చూసే ధైర్యం లేదు.

చేనంతా నున్నగా కోసి ఉంది. కోసిన గడ్డి వరసలు వరసలు. అప్పుడు చూశాను, సరిగ్గా మధ్యలో భోజనాల బల్లంత మేర గడ్డి కోయకుండా వదిలేశారు. నాలుగు మూలలా నాలుగు కర్రలు, కర్రలకి ఎర్ర గుడ్డలు.

మోకాళ్ల మీద పాకి వెళ్లాను. గడ్డి తప్పించి చూస్తే రోసిటా. కదల్లేదు, ఒంటికన్నుతో చూసింది. పక్కన కంచు గిన్నెలో నీళ్లు. దాని రెక్క అంచున, గూటిని ఆనుకుని ఇనుము. గుర్రపు నాడా. చిన్నది. ఎడమకాలిది. ఒకవైపు మందం.

"నెమ్మదిగా. ఆ బూట్ల చప్పుడుకి గుడ్లు కూడా లేచి పారిపోతాయి."

వెనకాల మిర్తా. తలకి కట్టుకున్న పాత తువ్వాలు తీసి చేతిలో పట్టుకుంది, జుట్టు మొత్తం తెల్లబడింది. దుర్భిణిలో అది తెలియలేదు.

"ఉరుములన్నారని..." అని జేబులోంచి గడియ తీసి చూపించాను.

"అమ్మ నీ ఒక్కడికే నేర్పిందనుకున్నావా? ఇరవై రెండు రోజులైంది కూర్చుని. ట్రాక్టరువాడికి మూడుసార్లు చెప్పాను, పక్కన నడుస్తూ కోయించాను."

"అక్కా, పలోమాని..." గడియ గూటి పక్కన, నాడాకి ఆనించి పెట్టాను. "పిల్లలకోసం కాదు. ఆ లారీ ఎక్కడికెళ్తుందో నాకు తెలుసు. తెలిసే అమ్మాను. నీకు అబద్ధం చెప్పాను."

ఆవిడ వంగి నీళ్ల గిన్నె గూటికి ఇంకాస్త దగ్గరగా జరిపింది. రోసిటా కదల్లేదు.

"నాకు తెలుసురా" అంది. "పట్నం నుంచి వచ్చిన రోజే బస్సెక్కి వెళ్లాను ఆ కబేళాకి. ఆలస్యమైంది. ఏమైనా కావాలా అని అడిగారు. ఎడమకాలి నాడా ఇవ్వమన్నాను. ఆ నాడా సంచిలో పెట్టుకునే నీ వంటింట్లో కూర్చున్నాను. నువ్వు మాతే పోస్తూ పిల్లలు, సవారీ అంటున్నావు."

"తప్పు చేశానక్కా. క్షమించు."

"రెండు వందల మీటర్లు నడవడానికి తొమ్మిదేళ్లు పట్టింది నీకు. ఆ కుంటిది రోజూ నడుస్తోంది, చూసి నేర్చుకోలేకపోయావా?"

అంతలో ట్రక్కు మీది దుప్పటి పైనుంచి మేయరు అరిచాడు. ఇద్దరం ఒకేసారి ఆకాశం వంక చూశాం. పెద్ద చినుకు నా చేతి మీద పడింది.

"నూనె పెట్టాలి" అంది ఆవిడ. "పో, తడుస్తావు."

రమ్మనలేదు. క్షమించాననీ అనలేదు. తడుస్తూ ఇల్లు చేరాను. జుల్మా తోర్తలు వేయిస్తోంది. నా మొహం చూసింది. ఒక తోర్త మీద ఉప్పు చల్లి ఇచ్చింది.

నవంబరు 25. 145/90.

మూడు గంటలు ఉరిమింది. గూటికి రెండిళ్ల ఇనుము కాపలా. నా గడియ కూడా అక్కడే పెట్టొచ్చాను. ఆవులు దొడ్డిలోంచి బయటికొచ్చి జుల్మా కూరమళ్లు తొక్కేశాయి. గడియ లేదు కదా.

నవంబరు 28. 140/90.

అవతలి నుంచి ఏ కబురూ లేదు. కంగారు: అదే.

నవంబరు 30. 130/80.

పొద్దున్న మిషను కట్టుకుని కూర్చున్నాను. కంచె దగ్గర నుంచి కేక.

"ఒరేయ్ ఎల్బియో! చెవుడొచ్చిందా? వైరు కోసే కత్తెర పట్టుకుని రా! పిల్లలు మూడు! కంచె కింది తీగకి గడ్డి అల్లుకుని వాటికి అడ్డం, కుంటిది పిల్లల్ని పిలుస్తూ ఏడుస్తోంది!"

పరిగెత్తాను. కాళ్ల నొప్పులేవీ లేవు. నాలుగు గుడ్లకి మూడు పిల్లలు, గోధుమరంగులో, ఒక్కోటి నా బొటనవేలంత తలతో. నాలుగో గుడ్డు చల్లగా ఉంది. కింది తీగ ఇద్దరం చెరోవైపు పట్టుకుని కోశాం. రోసిటా ముందు నడిచింది, పిల్లలు వెనకాల. ఇటు వచ్చాయి, పురుగులు ఏరుకున్నాయి, మళ్లీ అటు వెళ్లాయి. అటూ ఇటూ అని వాటికి లేదు.

జుల్మా చేతులు తుడుచుకుంటూ వచ్చి కోసిన కంచె చూసింది. "వారం రోజులకని ఉంచుకున్నవి ఆరైపోయాయి" అని చెప్పి, రకెల్‌కి ఫోను చేయడానికి వెళ్లింది.

అక్క చేను గట్టు మీద కూర్చుంది. చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్ర. వెండి అంచు, అమ్మది. నీళ్లు పోసి, మొదటిది తను తాగేసి, రెండోది నింపి నా వైపు చాపింది.

తాగాను. చేదుగా, వేడిగా ఉంది. నాలుగు కర్రలకీ, నీళ్ల గిన్నెకీ, ఆ నాడాకీ, తొమ్మిదేళ్లుగా ఆదివారాలు జుల్మాతో మాట్లాడినందుకూ, పొద్దున కేకేసి పిలిచినందుకూ, అన్నిటికీ కలిపి ఒకటే మాట, అప్పుడు వంటింట్లో అక్క అన్న మాటే, గొంతులోంచి నాలుక చివరికొచ్చింది. పెదవులు కూడా విడిపోయాయి. అక్క నా నోటి వంకే చూస్తోంది.

పళ్లు బిగించి ఆ మాట మింగేశాను. ఒక్క మాటా అనకుండా బుర్ర ఆవిడ చేతిలో పెట్టాను.

అక్క మళ్లీ నీళ్లు పోసింది.